ప్రముఖుల పట్టిక - ప్రమాణాల సమస్య

అంతర్జాలంలోని విజ్ఞానసర్వస్వంలో ఏదైనా ఒక కళాపాఠశాలను గురించిన పుట తెరవండి. పాఠశాల ఏ సంవత్సరంలో పుట్టింది, ఏ విద్యలు నేర్పుతున్నది, ఏ విశ్వవిద్యాలయం కింద వున్నది మొదలైనవన్నీ అయిన తర్వాత చివర ఒక చిన్న శీర్షిక వుంటుంది: “ప్రముఖ పూర్వ విద్యార్థులు”. దాని కింద పదో పన్నెండో పేర్లు. చదివేవాడు ఆ పేర్లను క్షణంలో దాటిపోతాడు. కాని ఆ పుట మొత్తం మీద విమర్శకుని పని అంటూ వున్నది ఆ పట్టిక ఒక్కటే. తక్కినదంతా సమాచారం, పట్టిక మాత్రం తీర్పు. దశాబ్దాల తరబడి ఒక పాఠశాలలో చదివి వెళ్ళిన అందరిలోనూ వీరు మాత్రమే స్మరణీయులని చెప్పడం సామాన్య విషయం కాదు. ఆ తీర్పు ఎవరు చెబుతున్నారు, ఏ ప్రమాణంతో చెబుతున్నారు అన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం.

పూర్వం విజ్ఞానసర్వస్వం అంటే పండితుల సమితి, చందాదారులు, బరువైన సంపుటాలు. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొని, పని పూర్తి కాకుండానే 1923లో కన్నుమూశారు. ఆ తర్వాత తెలుగు భాషాసమితి విషయాలవారీగా సంపుటాలు వెలువరించింది. ఆ గ్రంథాలలో ఎవరికి చోటు, ఎవరికి లేదు అన్నది సంపాదకవర్గం నిర్ణయించేది. పాఠకునికి ఆ గదిలో ప్రవేశం లేదు. 2001లో ఇంగ్లీషులోనూ, 2003 డిసెంబరులో తెలుగులోనూ వికీపీడియా ప్రారంభమైన తర్వాత ఈ పద్ధతి తలకిందులైంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. చేసిన ప్రతి మార్పూ చరిత్రలో నిలిచి వుంటుంది. ఒక పేరు ఎందుకు తీసివేశారని చర్చాపుటలో నిలదీయవచ్చు. జ్ఞానాన్ని సమకూర్చడంలో ఇంతటి ప్రజాస్వామికమైన ఏర్పాటు మనకు మునుపు లేదు. నేడు కోరుట్లలోనో, మెట్‌పల్లిలోనో వున్న విద్యార్థి ఒక చిత్రకారుని పేరు వినగానే మొదట వెతికేది అక్కడే. యంత్రాలకు భాష నేర్పేవారు కూడా ఆ పుటలనే తవ్వుకొని పోతున్నారు. అంచేత ఆ పట్టికలో లేనివాడు రేపటి పాఠ్యపుస్తకంలోనూ లేకుండా పోయే ప్రమాదం వున్నది. ఈ చర్చకు ఇంత ప్రాధాన్యం ఇవ్వవలసి రావడానికి కారణం ఇదే.

ఇక నియమమేమిటో చూద్దాం. ఒక వ్యక్తికి విజ్ఞానసర్వస్వంలో చోటు దక్కాలంటే, అతనితో సంబంధం లేనివారు, నమ్మదగిన ప్రచురణలలో, అతనిని గురించి తగినంత విపులంగా రాసి వుండాలి. అతను స్వయంగా చెప్పుకున్నది సాక్ష్యం కాదు. అతని చిత్రాలు అమ్మేవారు వేసిన కరపత్రమూ కాదు. కళాకారుల విషయంలో ఇంగ్లీషు వికీపీడియా మరికొన్ని ఆనవాళ్ళు చెబుతుంది: కొత్త భావననో, కొత్త పద్ధతినో ప్రవేశపెట్టినవాడా? అతని కృతులు పేరున్న మ్యూజియముల శాశ్వత సేకరణలలో వున్నాయా? ముఖ్యమైన ప్రదర్శనలో అవి ప్రధానభాగంగా నిలిచాయా? పాఠశాల పట్టికలో పేరు చేర్చాలంటే రెండు సంగతులు రుజువు కావాలి. ఒకటి అతను అక్కడ చదివినాడన్నది, రెండవది అతను చెప్పుకోదగినవాడన్నది.

మన మిత్రులలో కొందరు ఈ నియమాన్ని వినగానే ఇది పెట్టుబడిదారీ సమాజపు నియమమని కొట్టివేస్తున్నారు. నేను వారితో ఏకీభవించను. ఈ నియమమే లేకపోతే పట్టిక ఎవరిదవుతుంది? గొంతు పెద్దదైనవాడిది అవుతుంది. కులసంఘం గలవాడిది, ప్రచారానికి మనుషులను పెట్టుకోగలవాడిది, మంత్రితో ఫోటో దిగినవాడిది అవుతుంది. తన చిత్రాల ధర పెంచుకోవడానికి తన జీవితచరిత్రను తానే రాసుకొని పెట్టేవారు నేడు తక్కువేమీ లేరు. “నీ మాట కాదు, నిన్ను గురించి పరాయివాడు ఏమన్నాడో చూపించు” అనడం ఇటువంటివారి నోరు మూయించే ఆయుధం. నిరుపేద విద్యార్థి కూడా ధనవంతుని పేరు పక్కన “ఆధారం కావాలి” అని రాయగల అవకాశం ఈ నియమం వల్లనే వచ్చింది. ఆధారం అడగడం అభివృద్ధి నిరోధకం కాదు. శాస్త్రీయ దృక్పథానికి అది తొలిమెట్టు.

అయితే నియమం మంచిదైనంత మాత్రాన దాని ఫలితం న్యాయమైనదని చెప్పలేము. సాక్ష్యం కావాలన్నాము సరే, ఆ సాక్ష్యం పుట్టే చోటు ఎక్కడ? చిత్రకారుని గురించి వ్యాసం రావాలంటే ప్రదర్శన జరగాలి. ప్రదర్శన జరగాలంటే గ్యాలరీ వుండాలి. గ్యాలరీ వుండాలంటే కొనేవారుండాలి. కొనేవారు బంజారాహిల్స్‌లో వున్నారు, బొంబాయిలో వున్నారు, ఢిల్లీలో వున్నారు. జగిత్యాలలో లేరు. ప్రదర్శన జరిగితే కేటలాగు అచ్చవుతుంది, ఇంగ్లీషు పత్రిక విలేఖరి వస్తాడు, రెండు పేరాలు రాస్తాడు. ఆ రెండు పేరాలే రేపు “స్వతంత్ర సాక్ష్యం” అవుతాయి. అంటే మనం నిష్పాక్షికమనుకునే సాక్ష్యం చాలా సందర్భాలలో అమ్మకానికి ఉపఫలం. విపణి నీడ పడని చోట సాక్ష్యమూ మొలవదు.

అదే పాఠశాలలో పట్టా పుచ్చుకొని జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో డ్రాయింగు మాస్టరుగా ముప్పయ్యేళ్ళు పనిచేసినవాని సంగతి ఏమిటి? పల్లె పిల్లలకు గీత అంటే ఏమిటో, వెలుగునీడలంటే ఏమిటో నేర్పినవాడు అతనే. నాటక సమాజానికి తెరలు రాసినవాడు, గోడలమీద అక్షరాస్యత బొమ్మలు వేసినవాడు, బోర్డులు రాసి కుటుంబాన్ని నెట్టుకొచ్చి, చివరకు ఫ్లెక్సీ యంత్రం వచ్చి కుంచె మూలబడితే మౌనంగా వుండిపోయినవాడు కూడా ఆ పాఠశాల పూర్వ విద్యార్థే. అతని కృతులు మ్యూజియముల్లో వుండవు. సున్నం వేసినప్పుడల్లా గోడ కింద కప్పబడిపోతాయి. ఇటువంటివారందరినీ పట్టికలోకి ఎక్కించాలని నేననను. కాని వారిలో ఎవరు నిజంగా కొత్తదారి తొక్కారో చూసినవారు లేరు, రాసినవారు లేరు. వెతికి చూసి కాదనడం వేరు. చూడకుండానే లేరనుకోవడం వేరు. రెండవది తీర్పు కాదు, నిర్లక్ష్యం.

ఇది మన ప్రాంతపు గోడు మాత్రమే అనుకోకూడదు. 2018లో కెనడా భౌతికశాస్త్రవేత్త డోనా స్ట్రిక్లండ్‌ను గురించిన చిత్తుప్రతిని, చాలినన్ని ఆధారాలు లేవంటూ ఇంగ్లీషు వికీపీడియాలో తిరస్కరించారు. కొన్ని నెలలు తిరగకుండానే, అదే సంవత్సరం అక్టోబరులో, ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. తిరస్కరించినవాడు దుర్మార్గుడు కాదు, నియమాన్ని పాటించినవాడే. స్త్రీ శాస్త్రవేత్తలను గురించి పత్రికలు రాయకపోవడమే అసలు లోపం. విజ్ఞానసర్వస్వం ఆ లోపానికి అద్దం పట్టింది. అద్దాన్ని పగలగొడితే ముఖం బాగుపడదు. అలాగని అద్దంలో కనిపించిందే సమగ్ర సత్యమని కూర్చోవడమూ తప్పే. 2011లో అచల్ ప్రభల, ఆయన మిత్రులు మన దేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ ఒక ప్రయోగం చేశారు. అచ్చులో లేని విషయాలను తెలిసినవారిచేత చెప్పించి, రికార్డు చేసి, ఆ మాటలనే ఆధారంగా చూపించారు. దానిపై వివాదం రేగింది. ప్రయోగం ముందుకు సాగినా సాగకపోయినా, కాగితం మీద లేని జ్ఞానం జ్ఞానం కాదా అన్న ప్రశ్న మాత్రం నిలిచిపోయింది.

మన హైదరాబాదు పాఠశాల దగ్గరకు వద్దాం. 1940లో నైజాం ప్రభుత్వకాలంలో ప్రారంభమై, పేర్లు మారుతూ వచ్చి, 2008 నుంచి జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంలో భాగంగా వున్నది. ఏ పట్టికలోనైనా కనిపించే పేర్లు లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం. 1940లో మెదకు ప్రాంతపు నిజాంపూరులో పుట్టిన లక్ష్మాగౌడ్, 1942లో కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టిన వైకుంఠం, ఇద్దరూ హైదరాబాదులో చదివి బరోడా వెళ్ళి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర శిక్షణ పొందినవారు. ఇంతవరకూ పట్టిక చెబుతుంది. కాని వీరిని స్మరించవలసిన కారణమేమిటో పట్టిక చెప్పదు. గ్రామీణ జీవితంలోని మోటుదనాన్ని, కామాన్ని, మేకనూ మనిషినీ చెట్టునూ ఒకే జీవధారగా, సన్నని గీతలో, లోహపు ఫలకం మీద చెక్కి అచ్చుకెక్కించడం లక్ష్మాగౌడ్ సాధించిన కొత్తదనం. పల్లెను పవిత్రమైన బొమ్మగా చూడదలచిన మధ్యతరగతికి అది మింగుడుపడని వాస్తవికత. పెద్దబొట్టు, ముదురు రంగు చీర, నల్లని ఒళ్ళు గల తెలంగాణా శ్రామిక స్త్రీని చిత్రపటానికి నాయికను చేయడం వైకుంఠం సాధించినది. 1988లో వచ్చిన “దాసి” చిత్రానికి ఆయన చేసిన కళాదర్శకత్వానికి జాతీయ పురస్కారం వచ్చింది. గడీలోని ఆ చీకటి గోడలను చూసినవారికి ఆ పనిలోని చారిత్రక దృష్టి తెలుస్తుంది.

ఇక్కడే మరో ప్రశ్న ఉదయిస్తుంది. వైకుంఠం స్త్రీమూర్తులు నేడు క్యాలెండర్ల మీదికి, హోటళ్ళ గోడలమీదికి, కాఫీకప్పుల మీదికి ఎక్కాయి. ఆయనను ప్రముఖుడంటున్నది ఆ నాయికను తొలిసారి చిత్రించిన సాహసం వల్లనా, ఆ తర్వాత జరిగిన నకళ్ళ వ్యాపారం వల్లనా? పట్టికలో రెండింటికీ ఒకే పేరు, ఒకే అక్షరాలు. తేడా చెప్పవలసినవాడు విమర్శకుడు. కారణం చెప్పకుండా పేర్లు మాత్రం దొంతరపెట్టిన పట్టిక, ఎన్ని ఆధారాలు తగిలించినా, చిరునామాల పుస్తకంతో సమానం.

సిద్దిపేట కాపు రాజయ్యను తలచుకోండి. 1925లో పుట్టి 2012లో కన్నుమూసిన ఆయన డ్రాయింగు మాస్టరుగా బ్రతికారు. బోనాలు, బతుకమ్మ, పొలంపనులు, పల్లెటూరి కులవృత్తులు ఆయన వస్తువు. నకాశీ పటాల చదునైన రంగులు ఆయన రూపం. రాజధానికి వలసపోకుండా, వుద్యోగం వదలకుండా, చిన్న పట్టణంలోనే కూర్చొని అఖిలభారత స్థాయి పేరు తెచ్చుకున్నారు. ఆయన పేరు నేడు పట్టికలలో వున్నది. అంటే డ్రాయింగు మాస్టరు పని తక్కువరకం పని కాదని రుజువైంది. కాని ఒక్క రాజయ్య పేరు పైకి రావడానికి ఆయన ప్రతిభకు తోడు ఆయనను చూసి రాసినవారు వుండటం కూడా కారణమే. ఆ రెండవది దొరకని రాజయ్యలు ఎందరో మనకు తెలిసే మార్గమే లేదు.

“పూర్వ విద్యార్థి” అన్న మాటను కూడా నిలదీయక తప్పదు. బొంబాయి జె.జె. కళాపాఠశాల తన పట్టికలో ఎఫ్.ఎన్. సూజా పేరును గర్వంగా చెప్పుకుంటుంది. 1945లో రాజకీయ కార్యకలాపాల కారణంగా ఆయనను గెంటివేసినది ఆ పాఠశాలే! ఆయన కొంతకాలం కమ్యూనిస్టు పార్టీలో కూడా పనిచేశారు. 1947లో సూజా మొదలైనవారు స్థాపించిన అభ్యుదయ చిత్రకారుల బృందంలో కె.హెచ్. ఆరా ఒకరు. మన సికింద్రాబాదు దగ్గరి బొల్లారంలో పుట్టి, చిన్నతనంలోనే బొంబాయి పారిపోయి, కార్లు తుడిచి, ఇళ్ళలో పనిచేసి బ్రతికిన మనిషి. కళాపాఠశాల పట్టా ఆయనకు లేదు. పాఠశాలల పట్టికలలో ఆరాకు చోటెక్కడ? మన కరీంనగర్ ప్రాంతపు అన్నారంలో 1915లో పుట్టిన పి.టి. రెడ్డి జె.జె.లో చదివి, 1941లోనే బొంబాయిలో నవీన చిత్రకారుల బృందాన్ని కూడగట్టినవారిలో ఒకరు. ఆరేళ్ళ తర్వాత వచ్చిన బృందం చరిత్రకెక్కింది, ముందు వచ్చినది అడుగున పడింది. ముగ్గురిలో ఒకరిని పాఠశాల వెళ్ళగొట్టింది, ఒకరు దాని గడపే తొక్కలేదు, ఒకరిని చరిత్ర సగం మరచింది. పాఠశాల పేరు కళాకారుని విలువకు కొలమానం కాదని ఇంతకంటె వేరే రుజువు కావాలా?

అయితే దీనిని ఆసరా చేసుకొని సానుభూతితో పట్టికను కలగాపులగం చేయరాదు. సిరిసిల్ల విషయం ఇందుకు మంచి ఉదాహరణ. అగ్గిపెట్టెలో ఇమిడే చీరను నేసిన నల్లా పరంధాములు, ఆ దారిలోనే నడిచిన వెల్ది హరిప్రసాద్ ఏ కళాపాఠశాలలోనూ చదవలేదు, మగ్గమే వారికి పాఠశాల. హరిప్రసాద్ జి-20 చిహ్నాన్ని బట్టమీద నేసి పంపితే 2022 నవంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఆ మాట చెప్పారు. వెంటనే దేశమంతటా పత్రికలు రాశాయి, ఆధారాలు కుప్పలుగా వచ్చాయి. నేతగాని వేళ్ళలోని నైపుణ్యం ఆ ప్రసంగానికి ముందు లేదా? వున్నది. లేనిది సాక్ష్యం. అధికారం నోరు తెరిస్తే ఒక్కరోజులో పుట్టే సాక్ష్యం, శ్రమ ఎన్ని తరాలు చెమటోడ్చినా పుట్టడంలేదు.

అలాగని ఈ నేతకళాకారులను కళాశాల పూర్వ విద్యార్థుల జాబితాలో కలపమనడం అర్థంలేని ఔదార్యం. వారికి కావలసినది సిరిసిల్ల నేతను గురించిన సొంత పుట, సొంత చరిత్ర. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివారి పటాన్ని చిత్రించిన చేర్యాల నకాశీల సంగతీ అంతే. చింతగింజల అంబలి పట్టించిన ఖద్దరు గుడ్డమీద, ఎర్రని నేపథ్యంలో, గజాల పొడుగున పురాణాన్ని నడిపించినవారి పేర్లు చాలావరకు మనకు మిగలలేదు. వారి ఎరుపును తీసుకున్న చదువుకున్న చిత్రకారుల పేర్లు మిగిలాయి. పూర్వ విద్యార్థుల పట్టికలో నకాశీ పేరు ఎక్కించనక్కరలేదు. రాజయ్య పుటలో, ఆ రంగు ఎవరి దగ్గరినుంచి వచ్చిందో ఒక వాక్యం రాస్తే చాలు. అది దానం కాదు, అప్పు ఒప్పుకోవడం.

ఈ చిక్కుకు మన చరిత్రలోనే ఒక జవాబు వున్నది. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ముడుంబై వెంకటరాఘవాచార్యులు రాసినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి సభలు పెట్టి తిట్టలేదు. గోలకొండ పత్రిక ద్వారా వూరూరికీ కబురుపెట్టి, రచనలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక ప్రకటించారు. ఆ 354 మందీ మహాకవులు కారు, సురవరం అలా అననూ లేదు. సంచిక పని ఒకటి, సర్వస్వం పని మరొకటి. సంచిక సాక్ష్యాన్ని సేకరిస్తుంది, సర్వస్వం ఆ సాక్ష్యం నుంచి ఎన్నుకుంటుంది. సంచికే లేనిచోట సర్వస్వాన్ని నిందించి లాభంలేదు. సర్వస్వంలోనే సంచిక పని చేయబోతే రెండూ చెడతాయి. మన తెలంగాణా చిత్రకళకు నేటికీ అటువంటి సంచిక లేదు.

జగిత్యాల జిల్లాలోని మా ఇబ్రహీంపట్నం పేరే తీసుకోండి. రంగారెడ్డి జిల్లాలో ఒక ఇబ్రహీంపట్నం వున్నది, విజయవాడ పక్కన కృష్ణ ఒడ్డున మరొకటి వున్నది. తెలుగు వికీపీడియాలో ఇటువంటి చిక్కు తీర్చడానికి “అయోమయ నివృత్తి” అనే పుటలు వుంటాయి. వూళ్ళ విషయంలో అయోమయం అంత సులభంగా తీరుతుంది. మనుషుల విషయంలో తీరాలంటే వారిని చూసి వచ్చి రాసేవాడు కావాలి.

పట్టికలో పేరు చేర్చబోయే విద్యార్థి మిత్రులు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా సూచన. మొదటిది: ఇదీ ఇతని కృతి అని వేలుపెట్టి చూపగలిగినది వున్నదా? దానిని గురించి ఇతనూ, ఇతని గురువూ, ఇతని చిత్రాలు అమ్మేవాడూ కాని నాలుగోవాడు రాశాడా? రెండవది: ఆ కృతివల్ల వస్తువులోనో, రూపంలోనో, బోధనలోనో ఏదైనా మారిందా? మూడవది: ఇతని ఎదుగుదలలో ఆ పాఠశాల పాత్ర ఏమిటి? అది చేసిన మేలో, పెట్టిన అడ్డంకో ఒక్క వాక్యంలో చెప్పగలమా? ఈ మూడింటికీ జవాబున్నవాని పేరు, కారణంతో సహా, నిలవాలి. పదవి, ధర, శాలువ, అనుచరుల సంఖ్య ఈ లెక్కలోకి రావు. పురస్కారం ఎవరో గమనించారనడానికి గుర్తు. ఎందుకు గమనించారన్నది అది చెప్పదు. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయినవాని పేరు చేర్చకండి, కాని మరచిపోనూ వద్దు. ఆ పేరును సంచిక పనికి అప్పగించండి.

ఆ పని చేయవలసినవారు ఉపాధ్యాయులు, పరిశోధక విద్యార్థులు, మనవంటి త్రైమాసికాలు. ఇటువంటి పత్రికలో అచ్చయిన నిష్పాక్షిక విమర్శ రేపు విజ్ఞానసర్వస్వానికి ఆధారమవుతుందని మనవారు అంతగా గుర్తించినట్లు లేదు. కథకూ కవిత్వానికీ ఇచ్చిన పుటలలో పదోవంతు కూడా తెలుగు అభ్యుదయ విమర్శ చిత్రకళకు ఇవ్వలేదు. మెచ్చుకోలు వ్యాసం అక్కరలేదు, మెచ్చుకోలు సాక్ష్యం కాదు. చిత్రం కొలత, సంవత్సరం, వాడిన రంగు, వేసిన గోడ, దానిలో సాధించినదేమిటి, సాధించలేనిదేమిటి, ఇవి రాయండి. ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఏడాదికి ఒక్క చిత్రకారుని ఇంటికి వెళ్ళి, చూసి, ఇలా రాస్తే, పదేళ్ళలో మనకొక సంచిక తయారవుతుంది. అప్పుడు పట్టికలో ఎవరుండాలని మనం వాదించినప్పుడు మన చేతిలో ఆవేశానికి బదులు కాగితం వుంటుంది.